కెనడాలో జిగురుబూజులు: అరుదైన జాతిని గుర్తించి నమోదు చేయడం

జిగురుబూజులు పేరుకు బూజులే గాని శిలీంధ్రాలు కావు. మొక్కల్లోనూ జంతువుల్లోనూ చేరవు. అమీబాలకు దగ్గరి బంధువులైన ఈ జీవులను శాస్త్రజ్ఞులు మిక్సోమైసీట్లు అంటారు. ప్రపంచమంతటా ఇప్పటికి దాదాపు వెయ్యి జాతులు వర్ణనకెక్కాయి. సిద్ధబీజం పగిలితే అందులోంచి సూక్ష్మమైన అమీబా వస్తుంది. చుట్టూ నీరుంటే అదే కశాభాలు మొలిపించుకుని ఈదుతుంది. పొసగిన రెండు కణాలు కలిస్తే ప్లాస్మోడియం పుడుతుంది. ఇది కణకుడ్యం లేని ఒకే ఒక జీవపదార్థపు ముద్ద. లోపల కేంద్రకాలు మాత్రం వేలల్లో, లక్షల్లో ఉంటాయి. కుళ్లిన కొయ్య మీద, రాలిన ఆకుల కింద పాకుతూ బాక్టీరియాను, ఈస్టులను తింటుంది. ఆహారం తరిగినా, తేమ మారినా పైకి వచ్చి, ఒకటి రెండు రోజుల్లోనే రూపం మార్చుకుని ఫలనాంగాలుగా నిలబడుతుంది. వాటి నిండా మళ్లీ సిద్ధబీజాలే. జాతిని గుర్తించగలిగేది ఈ చివరి దశలోనే. అమీబాగా ఉన్నప్పుడు ఒక జాతికీ మరొక జాతికీ కంటికి ఆనే తేడా దాదాపు ఉండదు. ప్లాస్మోడియం రంగు కూడా నమ్మదగిన గుర్తు కాదు. కాబట్టి ఒక జాతి ఏడాది పొడవునా ఒక చోట నేలలో బతుకుతున్నా సరే, ఫలనాంగాలు నిలిచి ఉన్న కొద్ది కాలంలో ఎవరో ఒకరు వంగి చూస్తే తప్ప అది అక్కడ ఉన్నట్టు లెక్కకు రాదు.

జిగురుబూజుల విషయంలో ‘అరుదు’ అనే మాటను తూచి వాడాలని ఈ వ్యాసం వాదిస్తుంది. ఒక జాతి కెనడాలో, లేదా కెనడాలోని ఒక ప్రావిన్సులో, మొదటిసారి దొరికిందంటే మనకు కచ్చితంగా తెలిసేది ఒక్కటే: ఆ రోజు ఆ దుంగ మీద దాన్ని చూసి గుర్తించగలిగిన మనిషి ఉన్నాడు. ఆ జాతి కొత్తగా వచ్చిందా, ఎప్పటి నుంచో ఉందా, నిజంగానే తక్కువగా ఉందా అన్న ప్రశ్నలకు ఆ ఒక్క నమోదు జవాబు చెప్పదు. జవాబు చెప్పగలిగే నమోదు ఎలా ఉండాలన్నదే అసలు విషయం. దాన్ని పరిశీలించడానికి కెనడా అనువైన చోటు. వైశాల్యం దాదాపు కోటి చదరపు కిలోమీటర్లు. నేలలో మూడో వంతుకు పైగా అడవి. జిగురుబూజులను వెతికిన వాళ్లు మాత్రం ఏ కాలంలోనూ పిడికెడు మందే. ఎం. ఇ. కరీ ఒంటారియో జిగురుబూజులపై విమర్శనాత్మక అధ్యయనాన్ని 1919లో రాయల్ కెనడియన్ ఇన్‌స్టిట్యూట్ సంచికల్లో ప్రచురించారు. బిస్బీ, బుల్లర్, డియర్‌నెస్ మానిటోబా శిలీంధ్రాలపై పుస్తకం తెచ్చింది 1929లో. జిగురుబూజులను శిలీంధ్రాలతో కలిపి చదివే రోజులవి. ఇలాంటి పనులు విశ్వవిద్యాలయాలున్న ఊళ్ల నుంచి వచ్చాయి. అందుకే జిగురుబూజుల పాత పటం చాలావరకు వెతికిన మనుషుల పటమే. ఖాళీగా ఉన్న చోట జీవి లేదని కాదు, అక్కడికి ఎవరూ వెళ్లలేదని ముందుగా అనుకోవాలి.

ఇది ఊహ కాదు. అరుదుగా పేరుపడిన జాతుల చరిత్రే దీనికి సాక్ష్యం. బార్బెయెల్లా మినుటిస్సిమా అనే జాతిని స్విట్జర్లాండ్‌కు చెందిన షార్ల్ మెయ్లాన్ 1914లో జూరా పర్వతాల నుంచి వర్ణించాడు. దాని ప్రజాతిలో అదొక్కటే జాతి. ఫలనాంగం కాడతో కలిపినా మిల్లీమీటరులోపే. పండి ఎండినప్పుడు పైపొర రేకులుగా విచ్చుకుంటుంది. చాలాకాలం దీన్ని ప్రపంచంలోనే అత్యంత అరుదైన జిగురుబూజుల్లో ఒకటిగా చెప్పుకున్నారు. ష్నిట్లర్, స్టీఫెన్‌సన్, నొవొఝీలొవ్ 2000లో దీని ఆవాసాన్నీ ప్రపంచవ్యాప్తినీ కలిపి పరిశీలించారు. బెరడు ఊడిపోయి బాగా కుళ్లిన స్ప్రూస్, ఫర్ దుంగలు, వాటి మీద లివర్‌వర్టుల పచ్చని పొర, పర్వత ప్రాంతపు తేమ, శరత్కాలం చివరి రోజులు: ఇవన్నీ కలిసిన చోట ఈ జాతి కనిపిస్తుందని వాళ్లు తేల్చారు. కొలోడెర్మా ఒక్యులేటం, లెపిడోడెర్మా టిగ్రినం వంటి జాతులు కూడా అలాంటి దుంగల మీదే ఉంటాయి. వెతకాల్సిన దుంగ ఏదో, నెల ఏదో తెలిసిన మీదట అరుదు అన్న మాట చాలావరకు పలచబడింది. ఇటువంటి దుంగలు బ్రిటిష్ కొలంబియా కొండల నుంచి అట్లాంటిక్ తీరం దాకా కెనడాకు కొదవ కాదు. శరత్కాలం చివర చలికి చేతులు కొంకర్లు పోయే వేళ, సగం మిల్లీమీటరు జీవి కోసం భూతద్దంతో దుంగ పక్కన మోకరిల్లేవాళ్లే కొదవ.

మంచు అంచున పుట్టే జాతుల సంగతి ఇంకా ఆసక్తికరం. వసంతంలో కొండల మీద మంచు కరుగుతూ వెనక్కి జరిగేటప్పుడు, దాని అంచున తడిసిన గడ్డి మీదా పుల్లల మీదా లాంప్రోడెర్మా, డైడెర్మా, లెపిడోడెర్మా ప్రజాతులకు చెందిన కొన్ని జాతులు ఫలనాంగాలు పెడతాయి. మందంగా పేరుకున్న మంచు కింద నేల ఉష్ణోగ్రత సున్నా దగ్గరే నిలకడగా ఉంటుంది. అక్కడే వీటి అమీబాలు నెలల తరబడి తిని పెరుగుతాయి. కాకసస్ పర్వతాల్లో నాలుగేళ్లు సాగి 2015లో ప్రచురితమైన ఒక పరిశీలన ఇక్కడ కీలకం: నేల గడ్డకట్టక ముందే మంచు దుప్పటి పరుచుకున్న ఏట ఫలనాంగాలు దండిగా వచ్చాయి, మంచు ఆలస్యమై నేల ముందే గడ్డకట్టిన ఏట బాగా తగ్గిపోయాయి. దీన్ని రాకీ పర్వతాలకు అన్వయించి చూస్తే ఎంత జాగ్రత్త అవసరమో తెలుస్తుంది. ఒక వసంతంలో ఒక లోయకు వెళ్లి ఏమీ దొరకలేదని రాసినవాడు, మరుసటి వసంతంలో అదే లోయలో మూడు జాతులు దొరికాయని రాసినవాడు, ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. మారింది ఆ ఏటి తొలి మంచు తేదీ. పైగా ఆ కొండదారులు మే, జూన్ నెలల్లో చాలావరకు మూసుకుపోయి ఉంటాయి. నడక మొదలయ్యే జూలైకి ఫలనాంగాలు చాలావరకు వానకు కొట్టుకుపోయి ఉండవచ్చు.

బతికున్న చెట్ల బెరడు మీద ఉండే సూక్ష్మ జాతుల కథ వేరు. వీటిని అడవిలో కంటితో పట్టుకోవడం దాదాపు అసాధ్యం. 1933లో గిల్బర్ట్, మార్టిన్ అనే ఇద్దరు అమెరికన్లు బెరడు ముక్కలను తడి కాగితం పరిచిన గాజుపళ్లెంలో మూతపెట్టి ఉంచితే వాటి మీద జిగురుబూజులు పెరుగుతాయని చూపారు. అప్పటిదాకా ఎవరి కంటా పడని జాతులు అలా వరుసగా బయటికొచ్చాయి. ఎకైనోస్టీలియం, లిసియా, మాక్‌బ్రైడియోలా ప్రజాతుల గురించి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ తడిపళ్లేల పుణ్యమే. ఏ చెట్టు బెరడు అన్నది ఇక్కడ ముఖ్యం: పైన్, స్ప్రూస్ బెరడు ఆమ్లగుణం కలది, మేపుల్, ఎల్మ్ వంటి వాటిలో ఆమ్లం తక్కువ, ఒక దాని మీద పెరిగేవి రెండో దాని మీద తరచుగా పెరగవు. కెనడా శీతకాలంలో బయట పని ఆగిపోయినా, శరత్కాలంలో కోసి ఎండబెట్టుకున్న బెరడుతో ఇంటి బల్ల మీదే ఈ పరిశీలన సాగించవచ్చు. అతి తక్కువ ఖర్చుతో కొత్త నమోదులకు అవకాశమున్న దారి ఇదేనని నా అభిప్రాయం.

దొరికినదాన్ని గుర్తించడం మరో పెద్ద పని. ఫలనాంగానికి కాడ ఉందా లేదా, పైపొర ఎలా పగులుతుంది, లోపలి పోగుల వల ఎలా అల్లుకుంది, మధ్యలో స్తంభిక ఉందా, సున్నం ఉంటే అది గుండ్రని రేణువులుగా ఉందా స్ఫటికాలుగా ఉందా: వీటిని వరుసగా చూడాలి. ఫైసారం, డిడీమియం ప్రజాతులను విడదీసేది ముఖ్యంగా ఈ సున్నపు రూపమే. తర్వాత సిద్ధబీజాలు. కుప్పగా చూసినప్పుడు వాటి రంగు, ఒక్కొక్కదాని వ్యాసం, గోడ మీది ముళ్లు లేదా వల అల్లిక తేల్చాలి. ఎక్కువ జాతుల్లో సిద్ధబీజాల వ్యాసం 5 నుంచి 15 మైక్రోమీటర్ల మధ్య ఉంటుంది. ఒకటి రెండు మైక్రోమీటర్ల తేడాయే జాతిని మార్చేస్తుంది. అందుకే ఒక్కటి కొలిచి ఊరుకోకుండా చాలా సిద్ధబీజాలను కొలవాలి. మోసపోయే సందర్భాలు కూడా ఎక్కువే. పండకముందే ఏరిన ఫలనాంగంలో పోగులు, సిద్ధబీజాలు వికృతంగా ఉంటాయి. వానకు సున్నం కరిగిపోతే ఫైసారం జాతి ఇంకేదోలా కనిపిస్తుంది. ట్రైకియా ఫలనాంగాల మీద పాలీసెఫలోమైసిస్ టొమెంటోసస్ అనే శిలీంధ్రం పరాన్నజీవిగా పెరిగి తెల్లని మొలకలు వేస్తే, కొత్తవాళ్లకు అదొక వింత జాతి. అరుదైన జాతి దొరికిందని సంతోషించే ముందు, మామూలు జాతి చెడిపోయిన రూపం కాదు కదా అని అడగాలి. సంతోషం కొంచెం ఆలస్యమైతే నష్టం లేదు.

గుర్తింపుకు వాడే పుస్తకాలు కూడా ప్రభావం చూపుతాయి. లండన్‌లో ఆర్థర్ లిస్టర్ మొదలుపెట్టి కూతురు గులియెల్మా లిస్టర్ 1925 దాకా సవరించిన గ్రంథం, అమెరికా నుంచి మార్టిన్, అలెక్సోపౌలస్ 1969లో తెచ్చిన గ్రంథం, స్టీఫెన్‌సన్, స్టెంపెన్ 1994లో రాసిన చేతిపుస్తకం, ఫ్రాన్స్‌లో 2011లో పూలాన్, మేయర్, బొజొనె ప్రచురించిన సంపుటాలు: తరతరాల పరిశీలకులు వీటి మీదే ఆధారపడ్డారు. ఇవన్నీ గొప్ప కృషి. అయితే ఒక ఖండంలోని నమూనాల ఆధారంగా రాసిన పట్టిక మరో ఖండంలోని నమూనాను తనకు తెలిసిన పేర్లలోకే నెడుతుంది. అణుజీవశాస్త్రం ఈ చిక్కును బయటపెట్టింది. గులాబీ రంగు ఉండల్లా కనిపించే లైకోగాలా ఎపిడెండ్రం పేరు తెలియని అడవి పరిశీలకుడు ఉండడు, కెనడాలోనూ సాధారణం. లియొంత్యెవ్, ఇష్చెంకో, ష్నిట్లర్ 2023లో ఆ ప్రజాతి నుంచి ఒక్కసారే 15 కొత్త జాతులను వర్ణించారు. ట్యూబిఫెరా ఫెరుజినోసా అన్న పేరు కింద కూడా అనేక జాతులు దాగి ఉన్నాయని 2015లోనే తేలింది. ట్రైకియా వేరియా అనుకున్నది, ఒకదానితో ఒకటి సంకరం కాని మూడు వేర్వేరు జీవజాతులని అదే ఏడాది మరో అధ్యయనం చూపింది. కాబట్టి అత్యంత సాధారణమని తీసిపారేసిన దుంగ మీదే నిజంగా అరుదైనది ఉండవచ్చు; అరుదైనదని గొప్పగా ప్రకటించినది రేపు మామూలుదిగా తేలవచ్చు. పాత జాబితాల్లో కేవలం పేరుగా మిగిలిన నమోదును ఇప్పుడు ఎవరూ సరిచూడలేరు. పెట్టెలో నమూనా మిగిలి ఉంటేనే తిరిగి తీసి చూడవచ్చు. నమూనా లేని నమోదు పాతబడే కొద్దీ విలువ కోల్పోతుంది. నమూనా ఉన్నది విలువ పెంచుకుంటుంది.

నమూనాతో కూడిన ప్రాంతీయ నమోదులు కావాలన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం సిద్ధాంతపరమైనది. సూక్ష్మజీవులు అన్ని చోట్లా ఉంటాయి, పరిసరాలే ఎంపిక చేస్తాయి అని బాస్ బెకింగ్ అనే శాస్త్రజ్ఞుడు 1934లో అన్నాడు. గాలిలో తేలిపోయే సిద్ధబీజాలకు సరిహద్దులేమిటి, ఒక ప్రాంతానికి కొత్త అనడంలో అర్థమేమిటి అని ఈ పక్షం వాళ్లు అడుగుతారు. ఇందులో నిజం లేకపోలేదు. చాలా జాతులు ఖండాలు దాటి వ్యాపించాయి, టండ్రాల్లో కూడా జిగురుబూజులు నిక్షేపంగా బతుకుతున్నాయి. కానీ ‘అన్ని చోట్లా’ అన్న మాటకు పరీక్ష పెట్టినప్పుడు అది పూర్తిగా నిలవలేదు. నాగజెముడు వంటి రసభరితమైన మొక్కల మీద పెరిగే బధామియా మెలనోస్పోరాను 2014లో పరిశీలించినప్పుడు, అనువైన వాతావరణం ఉన్నంత మేరా అన్ని జన్యు శాఖలూ విస్తరించలేదని తేలింది. హెమిట్రైకియా సెర్పులా అనే విశ్వవ్యాప్త జాతిలోనూ ప్రాంతాల వారీగా జన్యు గుంపులు ఉన్నట్టు 2017 అధ్యయనం సూచించింది. ఎగిరి రాగలగడం ఒకటి, వచ్చి నిలదొక్కుకోవడం మరొకటి. ఏ జాతి ఎక్కడ నిలిచిందన్నది తేల్చాలంటే ప్రాంతీయ నమోదులే మూలం. అవి అర్థం లేనివైతే ఆ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి కూడా ఆధారం మిగలదు.

రెండో అభ్యంతరం ఈ కాలానిది: ఫొటోలు చాలవా? 2015 నుంచి నడుస్తున్న ఐనాచురలిస్ట్ కెనడా వేదిక వల్ల జిగురుబూజులను గమనించేవాళ్లు బాగా పెరిగారు. ఊరి పార్కులో కనిపించిన పసుపుపచ్చని ఫులిగో సెప్టికా ఫొటోను నిస్సందేహంగా నమ్మవచ్చు. మంచి కటకంతో తీసిన ఫొటోలు ప్లాస్మోడియం నుంచి ఫలనాంగం దాకా మార్పును గంటల వారీగా చూపుతాయి. ఎండిన నమూనా ఆ పని చేయలేదు. కానీ సిద్ధబీజపు గోడ మీది అల్లిక ఫొటోలో పడదు. లైకోగాలా ఉదాహరణ చూశాక, బయటి రూపాన్ని మాత్రమే చూపే బొమ్మ మీద కొత్త ప్రాంతీయ నమోదును నిలబెట్టడం పొరపాటని ఒప్పుకోక తప్పదు. ఫొటో దారి చూపుతుంది, నమూనా రుజువు చేస్తుంది. రెండూ ఒకే సంఖ్యతో ముడిపడి ఉండాలి.

మూడో అభ్యంతరం ప్రయోగశాల నుంచి వస్తుంది. నేలలోంచి నేరుగా డీఎన్ఏ తీసి, 18ఎస్ జన్యువు వరుస చదివితే ఫలనాంగాల కోసం ఎదురుచూడనక్కరలేదు కదా? ఈ పద్ధతికి నేను పూర్తిగా అనుకూలం. నేలలో దాగిన అమీబాలు ఏ జాతివో చూపగలిగేది దాదాపు ఇదొక్కటే. ఫలనాంగాలు కనిపించని చోట కూడా జాతులున్నాయని దీనివల్లే తెలిసింది. అయితే వరుసకు పేరు పెట్టాలంటే పోల్చడానికి నమ్మకమైన నమూనా నుంచి తీసిన వరుస ముందే ఉండాలి. లేకపోతే అది పేరులేని గుర్తుగానే మిగులుతుంది. పైగా నేలలో డీఎన్ఏ దొరికినంత మాత్రాన జీవి అక్కడ పెరిగి తిరుగుతోందని చెప్పలేం. గాలికొచ్చి పడిన సిద్ధబీజం కూడా డీఎన్ఏ ఇస్తుంది. కాబట్టి కొత్త పరికరాలు వచ్చే కొద్దీ నమూనా అవసరం పెరుగుతుందే తప్ప తగ్గదు.

అటువంటి నమూనాను తయారు చేయడం కష్టమేమీ కాదు. ఫలనాంగాలున్న చిన్న చెక్కముక్కను కోసి, నీడలో ఆరబెట్టి, అగ్గిపెట్టె అడుగున జిగురుతో అంటించి మూసేస్తారు. తరతరాలుగా ప్రపంచమంతటా ఇదే పద్ధతి. పురుగులు, నల్లులు తినేయకుండా కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచుతారు. పెట్టె మీద తేదీ, స్థలం, ఎత్తు, చెట్టు జాతి, అది కుళ్లిన స్థాయి, పక్కనున్న నాచు, మంచు కరిగిన సమయం రాస్తారు. వీటికి తోడు చాలామంది వదిలేసేది ఒకటుంది: ఎన్ని దుంగలు వెతికితే ఎన్నింటి మీద దొరికింది, ఎన్ని గంటలు పట్టింది అన్న లెక్క. అరుదు గురించి చెప్పే అధికారం ఈ లెక్కకే ఉంది. వంద దుంగలు వెతికి ఒక దాని మీద దొరికితే అదొక సమాచారం. ఒకే దుంగ చూసి దాని మీదే దొరికితే అది పూర్తిగా వేరే సమాచారం. దొరకని రోజుల లెక్క కూడా రాసిపెట్టాలి. చివరికి నమూనా చేరాల్సింది ఇంటి అల్మారాకు కాదు. ఒట్టావాలోని జాతీయ శిలీంధ్ర హెర్బేరియం, టొరంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం, వాంకూవర్‌లోని బీటీ జీవవైవిధ్య మ్యూజియం వంటి చోట్ల శిలీంధ్రాల సేకరణలున్నాయి. జాతీయ ఉద్యానవనాల్లో సేకరించాలంటే పరిశోధన అనుమతి తప్పనిసరి.

ఇంత చిన్న జీవి కోసం ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు కెనడా చట్టంలోనే ఒక జవాబుంది. 2002 నాటి ఆపన్న జాతుల చట్టం వన్యజీవి అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో జంతువులు, మొక్కలతో పాటు ‘ఇతర జీవులు’ కూడా ఉన్నాయి. మినహాయించింది బాక్టీరియాను, వైరస్‌లను మాత్రమే. అంటే జిగురుబూజుకు చట్టపరంగా తలుపు తెరిచే ఉంది. కానీ జాతుల స్థితిని అంచనా వేసే కొసెవిక్ సంఘంలో క్షీరదాలకు, పక్షులకు, నాచులకు, లైకెన్లకు నిపుణుల ఉపసంఘాలున్నాయి గాని జిగురుబూజులకు లేదు. ఏ జాతి ప్రమాదంలో ఉందో చెప్పాలంటే ఎంత వెతికితే ఎంత దొరికిందో ముందు చెప్పాలి. కొండల మీద మంచు నిలిచే కాలం తగ్గుతున్న రోజుల్లో మంచు అంచు జాతులకు ఈ లెక్క అత్యవసరం. ఇప్పుడు నమోదు చేయకపోతే, తర్వాత తగ్గుదల జరిగినా దాన్ని పోల్చి చూపడానికి ఆధారం ఉండదు.

తెలుగువాళ్లకు ఇది పరాయి విద్య కాదు. 1950లలో వి. అగ్నిహోత్రుడు దక్షిణ భారతదేశపు జిగురుబూజులపై వరుస వ్యాసాలు ప్రచురించారు. ఒక ప్రాంతపు జాబితా మొదలయ్యేది అలాంటి ఓపికతోనే. ఇవాళ టొరంటో, వాంకూవర్, కాల్గరీ నగరాల చుట్టూ అడవి బాటల్లో వేలమంది తెలుగువాళ్లు నడుస్తున్నారు. పదిరెట్లు చూపే భూతద్దం ఒకటి జేబులో ఉంచుకుని, కుళ్లిన దుంగ దగ్గర కాసేపు ఆగండి. కనిపించినదాన్ని ఫొటో తీయండి, అనుమతి ఉన్న చోట నమూనా తీసుకోండి, వెతికి దొరకని దుంగల సంఖ్యనూ రాయండి, అన్నింటినీ దగ్గరలోని హెర్బేరియానికి అప్పగించండి.